ఎంటీఏ మీద సంతకం ఎవరు పెట్టాలి? గైడు నన్నే పెట్టేయమంటున్నారు

విడవలూరు_పీహెచ్‌డీ
నాది పీహెచ్‌డీ నాలుగో ఏడు. యూనివర్సిటీ పేరు చెప్పను, అడక్కండి. మా వైపు రొయ్యల గుంటల అడుగు బురద తెచ్చి, అందులోంచి బాసిల్లస్ బ్యాక్టీరియాను వేరుచేసి, రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాను అదుపు చేసేవి ఏవో చూడటం నా పని. నలభై మూడు ఐసోలేట్లు, అంటే వేరుచేసిన రకాలు, తీస్తే రెండు గట్టిగా నిలబడ్డాయి. ప్లేటు మీద విబ్రియో పెరిగిన చోట వాటి చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ వలయం వస్తుంది. మొదటిసారి చూసినరోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక సెమినార్‌లో పోస్టర్ చూసి హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆ రెండూ ట్రయల్‌కి ఇవ్వమని అడిగింది. తొమ్మిది పేజీల మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ (ఎంటీఏ) పంపారు, ల్యాబులో పెంచిన ఇట్లాంటి బ్యాక్టీరియా కల్చర్లు ఇచ్చిపుచ్చుకోడానికి రాసుకునే ఒప్పందం అది. చివరి పేజీలో మా వైపు 'ఆథరైజ్డ్ సిగ్నేటరీ' అని ఒక గీత. గైడు సార్ 'నువ్వు తీసిన కల్చర్లే గదమ్మా, నువ్వే పెట్టెయ్' అంటున్నారు. హెచ్‌వోడీ 'నా దగ్గర స్టాంపు ఉంది, నేను పెడతా' అంటున్నారు. రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే 'ఇట్లాంటి కాగితం ఇంతకుముందు రాలేదమ్మా, ఫైలు పెట్టుకో' అన్నారు. సోమవారం కొరియర్ మనిషి వస్తాడని కంపెనీ ఫోను. ఎవరు పెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కావలి_కుర్రోడు
బ్యాక్టీరియా అక్కా అది. రెండు చుక్కలు ట్యూబులో పోసి ఇచ్చేదానికి ఇంత రాద్ధాంతమా? పెట్టేసెయ్. మంచి కంపెనీ అయితే రేపు ఉద్యోగం కూడా ఇస్తారు.

ఫైలుబాబాయ్
పెట్టొద్దు తల్లీ. నేను యూనివర్సిటీ పరిపాలన విభాగంలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఈ రాత్రికి ఏ సంతకమూ పెట్టకుండా పడుకో. రేపు వివరంగా రాస్తాను.

హేచరీ_అన్న
బాబాయ్ చెప్పిందే నా మాట కూడా. పైన తమ్ముడికి ఒక్క ముక్క. రెండు చుక్కల కల్చరే మా హేచరీల్లో లక్షల పిల్లను నిలబెట్టేది, లేదంటే తుడిచిపెట్టేది. చుక్క అని తేలిగ్గా తీసెయ్యబాకు.

ఫైలుబాబాయ్
చెప్తానన్నాను గదా, ఇదిగో.

యూనివర్సిటీ అనేది చట్టం పుట్టించిన ఒక వ్యక్తి. మన రాష్ట్ర యూనివర్సిటీలకు 1991 చట్టం ఉంది. ఆ వ్యక్తి ఆస్తి కొనగలదు, ఒప్పందం చేసుకోగలదు, కోర్టుకెక్కగలదు. దానికి చెయ్యి లేదు కాబట్టి ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఎవరిదో చట్టమో, పాలకమండలి తీర్మానమో, అధికారాల బదలాయింపు ఉత్తర్వో చెప్పాలి. మామూలుగా అది రిజిస్ట్రార్. కొన్నిచోట్ల పరిశోధన డీన్‌కో డైరెక్టర్‌కో ఇంత విలువ వరకు అని రాసి ఇస్తారు. అట్లాంటి ఉత్తర్వు కాగితం మీద కనబడితేనే ఆయన పెట్టాలి. 'ఎప్పుడూ నేనే పెడుతున్నాను' అనేది అధికారం కాదు, అలవాటు.

మీ హెచ్‌వోడీ దగ్గర ఉన్న స్టాంపు బోనఫైడ్ సర్టిఫికెట్లకూ హాజరు పట్టీలకూ ఇచ్చింది. స్టాంపు ఉన్నంత మాత్రాన యూనివర్సిటీని కట్టిపడేసే అధికారం రాదు. మా కాలంలో ఒక డిపార్ట్‌మెంటు పెద్దాయన ఇట్లాగే మంచి మనసుతో ఒక పరికరం ఒప్పందం మీద సంతకం పెట్టారు. గొడవొచ్చింది. ఆడిట్ వాళ్ళు ఆయన పెన్షన్ కాగితాలు ఏడాదిన్నర ఆపారు. ఆయన నాకు ఫోన్ చేసి, 'ఎవరిదీ రూపాయి తినలేదు గదయ్యా నేను' అన్నప్పటి గొంతు నాకింకా గుర్తుంది. నిజంగానే తినలేదు.

గైడును ఎదిరించమని అనను. 'సార్, రిజిస్ట్రార్ గారి సంతకం కింద మీదీ నాదీ ఉంటుంది' అని చెప్పు. ఆ మాటకు ఎవరూ నొచ్చుకోరు.

విడవలూరు_పీహెచ్‌డీ
బాబాయ్, చాలా థాంక్స్. మా ఇద్దరి సంతకాలూ ఎందుకు మళ్ళీ? రిజిస్ట్రార్ పెడితే సరిపోదా?

మొలగొలుకులు
దీనికి నేను చెప్తా. వరి పరిశోధనలో ఉన్నాను. శాస్త్రవేత్త సంతకం ఒప్పుకున్నట్టు కాదు, చదువుకున్నట్టు. అమెరికాలో 1995లో ఎన్‌ఐహెచ్ (అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ) వాళ్ళు యూనివర్సిటీల మధ్య వాడుకోవడానికి ఉమ్మడి ఎంటీఏ ఒకటి అచ్చువేశారు, యూబీఎంటీఏ అంటారు. అందులో రెండువైపులా అధికారి సంతకం వేరు. తీసుకునే శాస్త్రవేత్త సంతకం దగ్గర 'ఈ షరతులు చదివాను, అర్థం చేసుకున్నాను, పాటిస్తాను' అని ఉంటుంది. రిజిస్ట్రార్ గారికి నీ ఫ్రీజర్‌లో ఏ అరలో ఏముందో తెలియదు గదా. పాటించాల్సినది నువ్వే.

నా సొంత అనుభవం. పదేళ్ళ కిందట వేరే సంస్థ నుంచి కొన్ని వరి లైన్లు తెప్పించుకున్నాను. చిన్న కాగితం కవర్లలో ఒక్కోటి గుప్పెడు గింజలు. ఫారం మీద నేనే సంతకం పెట్టి పంపాను, చదవకుండా. మూడో వ్యక్తికి ఇవ్వకూడదని అందులో ఉందట. మా దగ్గర పనిచేసిన కుర్రాడు ఒక ప్రైవేటు విత్తన కంపెనీలో చేరుతూ ఒక కవరు జేబులో వేసుకుపోయాడు. రెండేళ్ళ తర్వాత ఇచ్చినవాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. మా సంస్థ 'ఆ ఫారం మీద మేము సంతకం పెట్టలేదు, ఆయన్నే అడగండి' అని జవాబిచ్చింది. నేను ఒక్కడినే నిలబడ్డాను. ఆ ఆరునెలలు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

కావలి_కుర్రోడు
అన్నా, అది ఆ కుర్రాడి తప్పు. కాగితం తప్పు ఎట్లా అవుతుంది?

మొలగొలుకులు
తప్పు వాడిదే తమ్ముడూ. కానీ సంస్థ సంతకం ఉంటే సంస్థ నా పక్కన నిలబడేది. నేను చెప్పేది అదే.

లాయరమ్మ_ఒంగోలు
ఇప్పుడే చూశాను ఈ చర్చ. చట్టం ముక్క నేను చెప్తాను.

అధికారం లేని మనిషి పెట్టిన సంతకాన్ని సంస్థ తర్వాత ఒప్పుకోవచ్చు. 1872 కాంట్రాక్ట్ చట్టం 196వ సెక్షన్. అప్పుడది మొదటినుంచీ చెల్లినట్టే. ఒప్పుకోకపోతే 235వ సెక్షన్ చూడాలి. అధికారం ఉన్నట్టు చెప్పుకుని ఎదుటివాళ్ళను ఒప్పందంలోకి దించినవాళ్ళు, సంస్థ కాదంటే, వచ్చిన నష్టం తామే కట్టుకోవాలి. అమ్మాయ్, 'ఆథరైజ్డ్ సిగ్నేటరీ' అన్న మాట కింద నువ్వు సంతకం పెడితే నీకు అధికారం ఉందని నువ్వే చెప్పినట్టు. ఆ తొమ్మిది పేజీల్లో నష్టపరిహారం క్లాజు ఉంటుంది, చూడు. ఇన్‌డెమ్నిటీ అని రాస్తారు. దానికి హద్దు ఉందా లేదా చెప్పు.

విడవలూరు_పీహెచ్‌డీ
ఉంది మేడమ్. ఏడో పేజీ. మెటీరియల్ వల్ల కంపెనీకి వచ్చే ఏ నష్టానికైనా ఇచ్చినవాళ్ళదే బాధ్యత అని. హద్దు ఏమీ రాయలేదు. వివాదం వస్తే ముంబై కోర్టులు అని ఉంది. హైదరాబాద్ కంపెనీ గదా, ముంబై ఎందుకో.

లాయరమ్మ_ఒంగోలు
పేరెంట్ కంపెనీ అక్కడ ఉండొచ్చు. అసలు ప్రశ్న అదే. ఆ కంపెనీ వెనక విదేశీ పెట్టుబడి ఉందేమో కనుక్కో. కారణం ఒంగోలు గిత్త గారు చెప్తే బావుంటుంది, ఆయన ఆ బాధ పడ్డారు.

గుంట_రైతు
నాదొక మాట. విడవలూరు దగ్గర ఎనిమిది ఎకరాల గుంటలు నావి. యూనివర్సిటీ పిల్లలు వచ్చి బురద తీసుకుపోతుంటారు. మేమూ వద్దనం, టీ ఇచ్చి పంపుతాం. ఇక్కడ చదువుతుంటే రిజిస్ట్రార్, కంపెనీ, కోర్టు, అందరూ ఉన్నారు. బురద ఎవరిదో వాళ్ళు ఎక్కడా లేరు. మందులకీ మేతకీ ఎంత పోస్తున్నామో మాకు తెలుసు. నా గుంటలోంచి పోయిన పురుగు డబ్బాలో పెట్టి కిలో ఇంత అని నాకే అమ్ముతారు, అంతేనా?

విడవలూరు_పీహెచ్‌డీ
అన్నా, మీరన్నది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నా రెండు ఐసోలేట్లలో ఒకటి విడవలూరు పక్క గుంటదే. నోట్‌బుక్‌లో తేదీ, లోతు, ఉప్పుశాతం అన్నీ రాసుకున్నా. రైతు పేరు మాత్రం రాసుకోలేదు. తప్పే.

హేచరీ_అన్న
గుంట రైతన్న మాటకు జోహారు. 2009లో వెనామీ రొయ్య వచ్చినప్పటి నుంచి తెల్లమచ్చ అనీ ఈహెచ్‌పీ అనీ విబ్రియో అనీ ఒక జబ్బు పోతే ఇంకోటి. ప్రతి ఏడూ శాంపిళ్ళు తీసుకుపోయేవాళ్ళు వస్తారు. రిపోర్టు తిరిగి తెచ్చి ఇచ్చినవాళ్ళను చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఒంగోలు_గిత్త
పశువైద్యుణ్ణి. లాయరమ్మ గారు పిలిచారు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా.

మన ఒంగోలు జాతి కథ తెలియనివాళ్ళు ఉండరు. 1868లో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో మన పశువులు దిగాయని చెప్తారు. అక్కడ వాటికి 'నెలోర్' అని పేరు, ఎందుకంటే అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. 1960లలో ఒంగోలు దగ్గర మన కరవది ఊరి పేరుతోనే ఒక ఆబోతు అక్కడికి పోయి, వాళ్ళ మందలకు మూలపురుషుడైంది. ఈరోజు బ్రెజిల్‌లో మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. కరవదికి ఏమొచ్చింది? అప్పట్లో అడగడానికి చట్టమే లేదు. జీవవనరుల మీద ఆయా దేశాలకు హక్కు ఉంటుందని 1992 ఒప్పందంలో రాసుకున్నారు, మనకు జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. మొక్క, జంతువు, సూక్ష్మజీవి మూడూ అందులోకి వస్తాయి. పాపా, నీ బాసిల్లస్ కూడా.

ఇప్పుడు నా అనుభవం. ఒక ప్రభుత్వ పశుక్షేత్రంలో చేస్తున్నప్పుడు ఒక ప్రైవేటు ల్యాబు ఒంగోలు ఆవుల రక్తం శాంపిళ్ళు అడిగింది. జన్యు పరీక్షల కిట్టు తయారుచేస్తారట. మా పై అధికారి మంచివాడు, సంతకం పెట్టబోయాడు. పెన్ను మూత తీశాడు కూడా. పక్కనే ఉన్న సూపరింటెండెంట్ అడ్డం పడ్డారు. ప్రభుత్వ శాఖ అంటే యూనివర్సిటీ లాంటిది కాదు, దానికి విడిగా వ్యక్తిత్వం లేదు. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఒప్పందం గవర్నర్ పేరు మీద, ఆయన తరఫున అధికారం పొందినవాళ్ళే చెయ్యాలి. క్షేత్రం అధికారి పెడితే చెల్లదు. తర్వాత కనుక్కుంటే ఆ ల్యాబును నడిపేది విదేశీ కంపెనీ. అట్లాంటివాళ్ళకు చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. ఆ రోజు పెట్టి ఉంటే ఆయన ఉద్యోగానికే ముప్పు వచ్చేది. రక్తం ట్యూబులు ఐస్ బాక్సులో సర్దిపెట్టుకుని కూర్చున్న మనిషి అట్లాగే లేచి వెళ్ళిపోయాడు.

కావలి_కుర్రోడు
పెన్ను మూత తీశాక ఆపారంటే సూపరింటెండెంట్ గారికి దండం పెట్టాలి. నేను మొదట రాసింది తొందరపడి రాశాను అక్కా. కానీ ఒక డౌటు. అంతా ఇండియన్ కంపెనీ అయితే ఏ గొడవా ఉండదా?

లాయరమ్మ_ఒంగోలు
మంచి ప్రశ్న. పూర్తిగా మన కంపెనీ అయితే చెన్నై అనుమతి అక్కర్లేదు. వ్యాపారానికి వాడుకుంటే జీవవైవిధ్య చట్టం 7వ సెక్షన్ కింద రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలియజేయాలి. ఆ పని చేయాల్సింది కంపెనీ, యూనివర్సిటీ కాదు. కానీ ఆ బాధ్యత వాళ్ళదేనని ఎంటీఏలో ఒక వాక్యం రాయించుకోవాలి. పాత చట్టంలో అయితే కంపెనీ వాటాల్లోనో యాజమాన్యంలోనో విదేశీ పాలు కొంచెం ఉన్నా చెన్నై అనుమతి అడిగే 3వ సెక్షన్ కిందికి వచ్చేది. 2023 సవరణలో 'విదేశీ నియంత్రణ' అని మార్చారు. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. జైలు శిక్ష తీసేశారు. జరిమానా మాత్రం లక్ష నుంచి యాభై లక్షల దాకా ఉంది, నష్టం అంతకన్నా ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది.

గుంట రైతు గారికి. 41వ సెక్షన్ ప్రకారం ఊళ్ళో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. వ్యాపారం కోసం వనరు సేకరించేవాళ్ళ దగ్గర రుసుము వసూలు చేసే హక్కు దానికి ఉంది. మీ పంచాయతీలో ఉందా?

గుంట_రైతు
కాగితం మీద ఉందమ్మా. నేను అందులో సభ్యుణ్ణని మొన్ననే తెలిసింది. మీటింగు మాత్రం ఇంతవరకు చూడలేదు.

ఫైలుబాబాయ్
పెట్టించండి మీటింగు. సభ్యుడు రాసి ఇస్తే పంచాయతీ కార్యదర్శి కాదనలేరు. ఏం రాయాలో నేను చెప్తాను.

కంపెనీవాడిని
కావలి మా ఊరు, హైదరాబాద్‌లో ఒక బయోటెక్ కంపెనీ ఆర్ అండ్ డీలో ఉన్నాను. ఈ కంపెనీ కాదులెండి. మా వైపు నుంచి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కంపెనీ అంటే దొంగ అన్నట్టు నడుస్తోంది.

సరైన సంతకం మాక్కూడా ప్రాణం. మేము ఇంతకుముందు ఒక కాలేజీ నుంచి ఒక స్ట్రెయిన్, అంటే ఒక బ్యాక్టీరియా రకం, తెచ్చుకున్నాం. ప్రొఫెసర్ గారు సంతకం పెట్టిచ్చారు. మూడేళ్ళు దాన్ని పెంచే ఫర్మెంటర్ల మీద డబ్బు పోశాం. పెట్టుబడిదారులు వచ్చి కాగితాలన్నీ చూశారు. వాళ్ళ వకీలు ఆ ఒక్క పేజీ తీసి టేబుల్ మీద పెట్టి 'ఈయనకు కాలేజీ ఇచ్చిన అధికార పత్రం ఏదీ' అన్నాడు. మా దగ్గర లేదు. కాలేజీకి పరుగెత్తాం. ప్రొఫెసర్ గారు అప్పటికే రిటైరయ్యారు. కొత్త ప్రిన్సిపాల్ 'మాకు తెలియదు' అన్నారు. ఆ పెట్టుబడి రాలేదు. ఆ ప్రాడక్టు పక్కన పెట్టేశాం. ఆ టీమ్‌లో ఆరుగురం, ఇద్దరి ఉద్యోగాలు పోయాయి.

కాబట్టి చెల్లీ, సోమవారం కొరియర్ అని తొందరపెడుతున్నది ఎవరో సేల్స్ మనిషి అయ్యుంటాడు. వాళ్ళ లీగల్ డిపార్ట్‌మెంటుకు నేరుగా మెయిల్ పెట్టు. 'మా రిజిస్ట్రార్ గారి సంతకంతోనే ఇస్తాం' అంటే వాళ్ళే సంతోషిస్తారు. ఇంకొకటి, వాళ్ళ వైపు ఎవరు పెడుతున్నారో కూడా చూడు.

విడవలూరు_పీహెచ్‌డీ
అన్నా, వాళ్ళ వైపు 'జోనల్ మేనేజర్, ఆక్వా' అని పేరుంది.

లాయరమ్మ_ఒంగోలు
బోర్డు తీర్మానం కాపీ అడుగు. 2013 కంపెనీల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కంపెనీ తరఫున ఒప్పందం మీద కీలక యాజమాన్య అధికారో, బోర్డు అధికారం ఇచ్చిన ఉద్యోగో సంతకం పెట్టాలి. జోనల్ మేనేజర్‌కు బోర్డు ఇచ్చి ఉంటే మంచిదే, కాగితం చూపించమను. సిగ్గుపడొద్దు. ఇల్లు కొనేటప్పుడు పట్టా అడగమా?

హేచరీ_అన్న
అమ్మా, అడిగేశారు కాబట్టి నా సంగతి కూడా చెప్పండి. మాది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, నలుగురు బావమరుదులం. గతేడు ఒక కాలేజీకి జబ్బుపడ్డ తల్లి రొయ్యల శాంపిళ్ళు ఇచ్చాం, ఎంటీఏ మీద నేనొక్కడినే పెట్టా. తతిమ్మావాళ్ళు ఊళ్ళో లేరు. చెల్లుతుందా?

లాయరమ్మ_ఒంగోలు
ఫర్మ్ మామూలు వ్యాపారంలో భాగమైతే ఒక భాగస్వామి సంతకం అందరినీ కట్టేస్తుంది, 1932 చట్టం 19వ సెక్షన్. కానీ అదే సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి. తగాదాను ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు, పంపడానికి ఒక్కరికే అధికారం లేదు, మీ వ్యాపారంలో అట్లాంటి ఆనవాయితీ ఉంటే తప్ప. మీ ఎంటీఏలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉందా?

హేచరీ_అన్న
ఉందమ్మా. ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశా. పదకొండో క్లాజు.

లాయరమ్మ_ఒంగోలు
మిగతా ముగ్గురి చేత 'ఒప్పుకుంటున్నాం' అని ఒక పేజీ రాయించి జతచెయ్యండి. సంక్రాంతికి అందరూ వస్తారుగా.

హేచరీ_అన్న
వస్తారు. అల్లుళ్ళు గదా, నెల్లూరు చేపల పులుసు పెట్టాక సంతకాలు పెట్టిస్తా.

మొలగొలుకులు
పులుసుకు మామిడికాయ దొరకాలంటే సంక్రాంతి కాదన్నా, ఎండాకాలం దాకా ఆగాలి.

ఒంగోలు_గిత్త
చర్చ పులుసులోకి పోయేలోగా ఒకటి అడగాలి. పాపా, ఆ ఎంటీఏలో 'మెటీరియల్' అంటే ఏమని రాశారు? మా గొడవలో అసలు కిటుకు అక్కడే ఉండింది.

విడవలూరు_పీహెచ్‌డీ
మొదటి పేజీలో ఉంది సార్. ఇచ్చిన కల్చరు, దాని సంతతి, దాని నుంచి వచ్చినవి, దాన్ని వాడి కనుక్కున్నవి అన్నీ మెటీరియల్ అట. ఆ మెటీరియల్ మీద వచ్చే 'మెరుగుదలలన్నీ' కంపెనీవేనట. ఇంకా, ఈ స్ట్రెయిన్ల మీద పేపరు వేయాలంటే కంపెనీ రాతపూర్వక అనుమతి కావాలి. గడువు రాయలేదు.

మొలగొలుకులు
ఆగు. ఆ చివరి వాక్యం మీద సంతకం పడితే నీ థీసిస్ ఏమవుతుంది?

విడవలూరు_పీహెచ్‌డీ
అదే అర్థమై చేతులు చల్లబడ్డాయి సార్. నా నాలుగో చాప్టరు మొత్తం ఆ రెండు స్ట్రెయిన్ల మీదే.

మొలగొలుకులు
చూశావా, అందుకే శాస్త్రవేత్త చదవాలి అన్నాను. రిజిస్ట్రార్ గారికి నాలుగో చాప్టర్ సంగతి తెలియదు, లాయరుకూ తెలియదు. సంతకం అధికారం ఆయనది, చదివే బాధ్యత నీది. 'పేపరు ముందుగా కంపెనీకి పంపుతాం, అరవై రోజుల్లో పేటెంటు వేసుకోవాలనుకుంటే చెప్పాలి, థీసిస్ సమర్పణకు ఏ ఆటంకమూ ఉండదు' అని మార్చమను. నేను చూసిన ఎంటీఏల్లో ముప్పై నుంచి తొంభై రోజుల మధ్యే రాసుకున్నారు.

సంతతి, మార్పుచేయని ఉత్పన్నాలు నీ యూనివర్సిటీవే. వాళ్ళు సొంతంగా చేసిన మార్పు వాళ్ళది. యూబీఎంటీఏలో గీత అక్కడే గీశారు. అది లాభాపేక్ష లేని సంస్థల మధ్య వాడేది, కంపెనీకి అట్లాగే అంటించలేం. కానీ గీత ఎక్కడ గీయాలో చూసుకోడానికి పనికొస్తుంది.

కంపెనీవాడిని
ఒప్పుకుంటా. 'కనుక్కున్నవన్నీ మావే' అనే క్లాజు మొదటి డ్రాఫ్టులో పెట్టి చూస్తారు. అడిగితే తీసేస్తారు. అడగనివాళ్ళే ఎక్కువ. ట్రయల్ అవసరానికి 'ఆరు నెలలు, పరీక్ష కోసం మాత్రమే, అమ్మకానికి కాదు' అని రాసుకుంటే చాలు. ట్రయల్ బాగుంటే లైసెన్సు వేరే కాగితం.

ఇంకోటి, ఇచ్చేముందే కల్చర్ బ్యాంకులో డిపాజిట్ చెయ్యి. చండీగఢ్‌లో ఎంటీసీసీ ఉంది, పూణేలో ఎన్‌సీఎంఆర్ ఉంది. పేటెంటు వెయ్యాలంటే మన పేటెంట్ చట్టం 10వ సెక్షన్‌లో సూక్ష్మజీవిని డిపాజిట్ చేయడం, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం ఉంది. అక్కడ 'విడవలూరు, నెల్లూరు జిల్లా' అని పడాలి.

గుంట_రైతు
ఆ మాట నాకు నచ్చింది అబ్బయ్యా. ఊరి పేరు పడాల.

కావలి_కుర్రోడు
కంపెనీ అన్న చెప్పినదాంట్లో ఒకదానికి నేను ఒప్పుకోను. 'అడిగితే తీసేస్తారు' అంటే, తెలియని పిల్ల సంతకం పెట్టేస్తే లాభం కొట్టేద్దామనే గదా? దాన్ని మంచితనం కింద చెప్పబాకండి.

కంపెనీవాడిని
సరే తమ్ముడూ. ఆ మాట నిజమే. నేను డ్రాఫ్టులు రాసేవాణ్ణి కాదు, కానీ మా మీటింగులో ఈసారి చెప్తాను.

ఫైలుబాబాయ్
ఇప్పుడు ఫైలు సంగతి. 'ఇట్లాంటిది రాలేదు' అన్న క్లర్కును తప్పుపట్టొద్దు, ఆయనకు భయం. నోట్ నువ్వే రాసి తీసుకుపో. ఏ మెటీరియల్, ఎంత, ఎవరికి, దేనికి, ఎన్నాళ్ళు, డబ్బు ఉందా లేదా, యూనివర్సిటీకి ఏ నష్టం రావచ్చు. ఒకే పేజీ. దానికి ఎంటీఏ డ్రాఫ్టు, మార్చాల్సిన క్లాజుల చీటీ, గైడు గారి సిఫార్సు, హెచ్‌వోడీ గారి ఫార్వార్డింగ్ జతచెయ్యి. ఫార్వార్డింగ్ మీద హెచ్‌వోడీ స్టాంపు పడుతుంది, ఆయనకూ తృప్తి. మీకు పేటెంట్ల లాంటివి చూసే ఐపీఆర్ సెల్ ఉంటే వాళ్ళ మీదుగా, లేకపోతే స్టాండింగ్ కౌన్సిల్, అంటే యూనివర్సిటీ లాయరు గారి అభిప్రాయానికి. కాగితం అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దు.

విడవలూరు_పీహెచ్‌డీ
రాత్రి రెండింటి దాకా కూర్చుని నోట్ రాశాను బాబాయ్. పొద్దున గైడు సార్‌కి చూపిస్తే ఏడో పేజీ, మొదటి పేజీ ఆయన కూడా అప్పుడే చదివారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'నేను నిన్ను పెట్టమన్నాను గదా' అన్నారు, అంతే. ఆయనే నాతోపాటు రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చారు. ఇన్‌వర్డ్ నంబరు పడింది.

లాయరమ్మ_ఒంగోలు
శభాష్. గైడు గారికి నా నమస్కారం చెప్పు.

విడవలూరు_పీహెచ్‌డీ
సోమవారం సంగతి. కొరియర్ అబ్బాయి పదకొండింటికి వచ్చాడు. థర్మోకోల్ డబ్బా, ఐస్ ప్యాకులు అన్నీ తెచ్చుకున్నాడు. నేను మైనస్ 80 ఫ్రీజర్ తలుపు దగ్గరే నిలబడ్డాను. కల్చర్లు దాచిన చిన్న సీసాలు, గ్లిసరాల్ వయల్స్ రెండూ, లోపల మూడో అరలో ఉన్నాయి, మంచు తుడిస్తే నా చేతిరాత కనిపిస్తుంది. తలుపు తీయలేదు. సంతకాలు కాలేదని చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపించాను. మధ్యాహ్నం జోనల్ మేనేజర్ ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడారు. నేను వాళ్ళ లీగల్‌కి మెయిల్ పెట్టానని చెప్పాను.

పది రోజులకు జవాబు వచ్చింది. కొత్త డ్రాఫ్టులో ముంబై పోయి నెల్లూరు వచ్చింది. నష్టపరిహారానికి హద్దు పెట్టారు. పేపరుకు అరవై రోజులు, థీసిస్‌కు ఆటంకం లేదు. వాళ్ళ వైపు డైరెక్టర్ పేరు, బోర్డు తీర్మానం కాపీ కూడా పంపారు. విదేశీ నియంత్రణ లేదని డిక్లరేషన్ ఇచ్చారు, రాష్ట్ర మండలికి తెలియజేయడం వాళ్ళ బాధ్యత అని రాశారు. మెటీరియల్ నిర్వచనం మీద ఇంకా బేరం నడుస్తోంది. మా స్టాండింగ్ కౌన్సిల్ గారు అక్కడ గట్టిగా ఉన్నారు.

కావలి_కుర్రోడు
అక్కా, అదిరింది. ఈ థ్రెడ్ సేవ్ చేసుకున్నా. మా ఎమ్మెస్సీ గ్రూపులో అందరికీ పంపుతున్నా.

హేచరీ_అన్న
బిడ్డా, ట్రయల్‌కి ట్యాంకులు కావాలంటే మా హేచరీలో రెండు ఇస్తా. ఎంటీఏ మీద ఈసారి నలుగురం పెడతాం.

ఫైలుబాబాయ్
రిజిస్ట్రార్ గారి సంతకం అయ్యాక అసలు కాపీ యూనివర్సిటీలో, ఇంకో అసలు కంపెనీ దగ్గర. నకలు నీ దగ్గర, ల్యాబులో ఒకటి. ప్రతి పేజీ మీదా పొట్టి సంతకాలు ఉన్నాయో లేదో చూసుకో తల్లీ.

గుంట_రైతు
పంచాయతీలో మీటింగుకు రాసిచ్చాను. బాబాయ్ గారు చెప్పినట్టే రాశా. పాపా, ఆ బురద ఏ గుంటదో చూసి చెప్పు, పక్కనే అయితే ఎవరిదో నాకు తెలుస్తుంది.

విడవలూరు_పీహెచ్‌డీ
నోట్‌బుక్‌లో జీపీఎస్ అంకెలు ఉన్నాయన్నా. ఆదివారం పొద్దున వస్తాను, కాలవ గట్టు మీద నిలబడి చూద్దాం. ఆయన పేరు రాసుకోవాలి, రిపోర్టు కూడా తెస్తున్నా, తెలుగులో రాశాను.